ముగ్గురు జీఎంలు, మూడు బ్యాచీలు, నేను దిద్దిన ఒక అంకె

పోయిన నెల స్వప్న ఫోన్ చేసింది. నేను రిటైరయ్యాక మా సిమెంటు ఫ్యాక్టరీలో స్పోర్ట్స్ ఆఫీసరుగా నా కుర్చీలోకి వచ్చిన అమ్మాయి. క్లబ్బు గోడ మీద హాకీ టీము చరిత్ర బోర్డు పెడుతున్నారట. ముగ్గురు జనరల్ మేనేజర్ల కాలంలో మూడు బ్యాచీల ఆటగాళ్లను తీసుకున్నాం కదా, అందులో ఏ జీఎం బ్యాచీ గొప్పదో, ఎందుకు గొప్పదో ఒక పేజీ రాసివ్వమంది.

నాకు ముందుగా వచ్చిన ఆలోచన ఒకటే. ఈ మాట ఈ పిల్లతో ఎవరు అడిగిస్తున్నారు? రెండో జీఎం మనుషులు ఇంకా హెడ్డాఫీసులో ఉన్నారు. బోర్డు మీద ఆయన పేరు పెద్దక్షరాల్లో రావాలని ఎవరికో ఉండి ఉంటుంది. ఆ మాటే అడిగేశాను. స్వప్న నవ్వింది. ఎవ్వరూ అడగమనలేదని, తనకే తెలుసుకోవాలని ఉందని చెప్పింది. నేను నమ్మలేదు, ఇప్పటికీ సగమే నమ్ముతున్నాను. మా ఇంటావిడ పక్కనే వింటూ, "నీకు గడ్డపెరుగు పెట్టినా అండ్ల రాయున్నదేమో అని కలెవెడ్తవ్" అంది.

ఆమె మాట అబద్ధం కాదు. ముప్పై ఏండ్ల ఉద్యోగం నన్ను అలా చేసింది. ఎలా చేసిందో ఒక పేజీలో పట్టదు. అందుకే స్వప్నకూ, ఆమె తర్వాత ఆ కుర్చీలో కూర్చునేవాళ్లకూ ఇది రాస్తున్నాను. ఫ్యాక్టరీ పేరు రాయను. గోదావరికి అవతల, పాత ఆదిలాబాద్ జిల్లాలో ఉంది, అంతవరకు చాలు.

అసలు ఉద్యోగం ఏమిటంటే

మాది చొప్పదండి. లెఫ్ట్ హాఫ్ ఆడేవాణ్ణి. ఆ ఆటతోనే ఫ్యాక్టరీలో చేరాను, మోకాలు పోయాక కోచ్ అయ్యాను. కోచ్ అంటే విజిల్ వేసుకుని గ్రౌండు చుట్టూ తిరిగేవాడని బయటివాళ్లు అనుకుంటారు. అసలు పని సెలక్షన్. రెండేండ్లకోసారి స్పోర్ట్స్ కోటాలో ముగ్గురినో నలుగురినో తీసుకునేవాళ్లం. కాగితం మీద వాళ్లు ప్యాకింగ్ ప్లాంటులో హెల్పర్లు, సాయంత్రం హాకీ ఆటగాళ్లు.

ట్రయల్స్‌కు వచ్చిన పిల్లవాడికి కావలసింది హాకీ కాదు. పర్మినెంటు నౌకరీ, క్వార్టరు, తల్లికి మోకాళ్లు నొస్తే పోవడానికి కంపెనీ దవాఖాన. మీరు ఒక ఫుల్ బ్యాకును ఎంచుకుంటున్నామని అనుకుంటారు, అవతల ఒక ఇంటి బతుకు తేలుతూ ఉంటుంది. అందుకే అందరూ అబద్ధాలు చెప్తారు. నేనైనా చెప్పేవాణ్ణే.

పుట్టిన తేదీ కాగితం నేను ఎన్నడూ నమ్మలేదు. మోకాళ్లు చూసేవాణ్ణి. మొరం గ్రౌండులో ఏండ్ల తరబడి పడి లేచినవాడి మోకాలి చిప్ప మీద చర్మం గట్టిపడి ఉంటుంది. తర్వాత స్టిక్కు. ఎడమ చేతి పట్టు దగ్గర టేపు ఎంత నల్లబడిందో చూస్తే ఎన్నాళ్లు ఆడాడో తెలుస్తుంది. ఒకసారి పెద్దపల్లి వైపు నుంచి వచ్చిన ఒకడు కొత్త స్టిక్కును ఇటుకకు రుద్ది పాతది చేసి తెచ్చాడు. రుద్దుడు అన్ని వైపులా ఒకే తీరుగా ఉంది. ఆటలో స్టిక్కు అలా అరగదు, చదునుగా ఉన్న వైపు కింద అంచులో అరుగుతుంది. వాణ్ణి పక్కకు పిలిచి చెబితే సిగ్గుపడి, "ఎట్ల అరుగుతదో జర సూపెట్టుండ్రి సార్" అన్నాడు. వాడు ఇప్పుడు ఎక్కడున్నాడో తెలియదు గాని ఆ ప్రశ్నకు వాడంటే ఇష్టం కలిగింది.

పెద్దసారు బ్యాచీ

మొదటి జీఎంను అందరం పెద్దసారు అనేవాళ్లం. ఆయన లెక్క ఒకటే, ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్ల కొడుకులకే నౌకరీ. గ్రౌండు పక్కన జీపు ఆపుకుని, దిగకుండానే, కిటికీలోంచి ఆట చూసేవాడు. ఆయన తీసుకున్న పిల్లలు కప్పులు తేలేదు. జిల్లా దాటితే రెండో మ్యాచ్‌లో ఇంటికొచ్చేవాళ్లం. కానీ వాళ్లు ఉండిపోయారు. నలభై దాటేదాకా ఆడారు. వానాకాలంలో గ్రౌండులో గడ్డి వాళ్లే పీకేవాళ్లు, నెట్లు వాళ్లే కుట్టేవాళ్లు. ఇవాళ ఆ కాలనీలో హాకీ బతికి ఉందంటే వాళ్ల పుణ్యమే.

మంచివాడని ఆయన్ని అందరూ పొగుడుతారు. నేను సగమే పొగుడుతాను. ఆయన ట్రయల్స్ పెట్టిన ప్రతిసారీ ఆ తర్వాత రెండు మూడు నెలల్లో యూనియన్ ఎన్నికలు వచ్చేవి. ఏ లీడరు బస్తీకి ఎన్ని నౌకరీలు పోయాయో నేను చూస్తూనే ఉన్నాను. మంచి పనికి వెనకాల ఇంకో పని ఉంటుందని నాకు అక్కడే అర్థమైంది. ఆ అర్థమే తర్వాత నన్ను ముంచింది.

టోపీసారు బ్యాచీ

రెండో జీఎం ఎండకు గుండ్రటి టోపీ పెట్టుకుని గ్రౌండులోకి వచ్చేవాడు కాబట్టి టోపీసారు. ఈయనకు కప్పులు కావాలి, అవి వచ్చే నెలకే కావాలి. బయటి రాష్ట్రాల నుంచి తయారైన ఆటగాళ్లను తెచ్చాడు. సెంటర్ ఫార్వర్డ్ కొట్టిన బంతి పోయి గోలు పలకకు తగిలితే క్వార్టర్లలోకి వినబడేది. మూడేండ్లు వరసగా కప్పులు తెచ్చాం. క్లబ్బులో ఉన్న ఫొటోలన్నీ అప్పటివే. నాలుగో ఏడు రైల్వే వాళ్లు ముగ్గురిని ఎగరేసుకుపోయారు, ఒకడు బ్యాంకు టీముకు పోయాడు. మాకు ఫొటోలు మిగిలాయి.

ఆ బ్యాచీలో అందరూ ఆటగాళ్లు కారు. నలుగురిలో ఒకడు పైవాళ్ల సిఫారసుతో వచ్చిన "మనోడు" అయ్యేవాడు. ఎవడు మనోడో మాకు ఎవరూ నోటితో చెప్పేవాళ్లు కాదు. చిట్టీ రాదు, ఫోన్ రాదు. ట్రయల్స్ మధ్యలో విరామం ఇచ్చినప్పుడు జీఎం జీపు డ్రైవర్ ఎల్లయ్య స్టీలు క్యాన్‌లో గ్లూకోజు నీళ్లు తెచ్చేవాడు. వరస లేకుండా, ఎక్కడో చివర కూర్చున్నవాడి దగ్గరికి నేరుగా నడిచి, మొదటి గ్లాసు వాడికి ఇచ్చేవాడు. సెలెక్టర్లం ముగ్గురం షామియానా కింద కూర్చుని అది చూసేవాళ్లం. చూసి, తలలు దించుకుని, మార్కులు వేసేవాళ్లం.

నేనూ వేశాను. రెండుసార్లు వేశాను. అలా వచ్చిన ఒకడికి బంతి ఆపడం కూడా రాదు. వాణ్ణి లెఫ్ట్ అవుట్‌లో నిలబెట్టి, అటు బంతి పోకుండా మిగతా పదిమందికి చెప్పి ఆడించాను. ఇప్పుడు చెబితే నవ్వు వస్తుంది. ఆ పూట ట్రయల్స్‌లో ఓడి బస్సెక్కిన పిల్లల మొహాలు గుర్తొస్తే నవ్వు రాదు. నాకు ఇద్దరు పిల్లలు, నౌకరీ భయం. అంతకన్నా గొప్ప కారణం ఏమీ లేదు.

కాగితాలసారు బ్యాచీ

మూడో జీఎం వచ్చీ రాగానే ఒక ఫారం తయారు చేయించాడు. ట్రయల్స్‌కు వచ్చినవాళ్లకు పేర్లు ఉండవు, ఛాతీ మీద నంబర్లే. ఏ నంబరుకు ఎన్ని వచ్చాయో ఆ షీటు గేటు దగ్గర అతికిస్తారు, ఎవరైనా చదువుకోవచ్చు. మేం ఆయన్ని కాగితాలసారు అన్నాం. స్టాఫంతా మెచ్చుకున్నారు, నేను మెచ్చుకోలేదు. ఇంత శుభ్రంగా చేస్తున్నాడంటే లోపల ఇంకేదో ఉందని కాచుకుని కూర్చున్నాను.

ఆ ఏడు ఒక గోల్‌కీపర్ కావాలి. ఇద్దరు మిగిలారు. ఒకడు పదకొండో నంబరు, కాలనీ పిల్లవాడే, ఫరవాలేదనిపించే ఆట. రెండోవాడు ఏడో నంబరు. పేరు ఖాజా అని తర్వాత తెలిసింది. ఆసిఫాబాద్‌లో వాళ్ల నాన్నకు సైకిల్ రిపేరు దుకాణం. అరువు తెచ్చుకున్న ప్యాడ్లు, ఒకదాని పట్టీ తెగితే సైకిల్ ట్యూబు ముక్కతో కట్టుకున్నాడు. వయసు పరిమితికి అతనికి అదే ఆఖరి ట్రయల్స్. మళ్లీ ట్రయల్స్ పెట్టేనాటికి ఎంత ఆడినా లోపలికి రానివ్వరు. అది అతనికి తెలుసు, ఫారం చూసిన నాకూ తెలుసు.

ఆఖరి పరీక్ష పది పెనాల్టీ స్ట్రోకులు. కొట్టేవాడు ఒకడు, ఆపేవాడు ఒకడు. పదకొండో నంబరు ముందు నిలబడ్డాడు, అయిదు ఆపాడు. తర్వాత ఖాజా వంతు. దానికి ముందు పది నిమిషాల విరామం. అప్పుడు ఎల్లయ్య క్యాన్ పట్టుకుని గ్రౌండులోకి దిగాడు. పాత క్యానే. వరసను వదిలేసి గోలు దగ్గరికి నేరుగా నడిచి, మొదటి గ్లాసు ఖాజా చేతిలో పెట్టాడు. అదే సమయానికి కాగితాలసారు జీపు దిగి గోలు వెనకాలకు వచ్చి నిలబడ్డాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. ఇదా మీ కాగితాల సంగతి అనుకున్నాను. టోపీసారు ముందర తల దించిన రెండుసార్లూ గుర్తొచ్చాయి. ఈసారి దించొద్దు, ఈసారి సిఫారసును ఆపాలి అనుకున్నాను. నన్ను నేను చాలా ధైర్యవంతుణ్ణి అనుకున్నాను.

ఖాజా ఆడాడు. పక్కన కూర్చున్న సెలెక్టర్లు ఒకరు అకౌంట్స్ ఆఫీసరు, ఒకరు పర్సనెల్ ఆఫీసరు. ఇద్దరికీ హాకీ తెలియదు, ఇద్దరూ ఫోన్లు చూసుకుంటున్నారు. అయిపోయాక ఎన్ని ఆపాడని నన్నే అడిగారు. నేను నాలుగు అన్నాను. ఇద్దరూ నాలుగు అని రాసుకున్నారు. నేనూ రాశాను.

క్యాంటీన్‌లో ఎల్లయ్య

షీటు ఇంకా గేటుకు ఎక్కలేదు. వారం తర్వాత క్యాంటీన్‌లో ఎల్లయ్య నా ఎదురుగా వచ్చి కూర్చున్నాడు. సిఫారసు ఎవరిదో లాగుదామని, ఏడో నంబరుకు మొదటి గ్లాసు ఇవ్వమని సారు ఎప్పుడు చెప్పాడని మామూలుగా అడిగినట్టు అడిగాను. ఎల్లయ్యకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక చాయ కింద పెట్టాడు.

"గీ సార్ అసొంటియి చెప్పడు రాజేశం సార్. గీన వచ్చినంక నాకు గా పనే లేకపాయె. అందరికి నీళ్లు పొయ్యిమన్నడు, గంతే. గా పిలగాడు ప్యాడ్లు కట్టుకొని ఎండల ఊగుతుండు, ఏడ పడిపోతడో అనిపిచ్చింది. ముందుగాల ఆయనకే ఇచ్చిన."

"నీ అంతల నువ్వే ఇచ్చినవా?"

"ఎవ్వలకన్న దూపయితే నీళ్లిచ్చుటానికి సుత సిఫారసు గావాల్నా సార్?"

ఆ రోజు నేను తినకుండానే లేచాను. షీటు ఇంకా కాగితాలసారు టేబుల్ మీదే ఉంది. పోయి చెప్పాలి. చెబితే నాలుగు ఎందుకు రాశావని అడుగుతాడు. దానికి జవాబు చెబితే, ఇంతకుముందు ఎన్నిసార్లు రాశావని అడుగుతాడు. జీఎం ఆఫీసు చుట్టూ రెండుసార్లు తిరిగాను. ప్యూన్ ఏం కావాలి సార్ అని కూడా అడిగాడు. ఏమీ లేదని చెప్పి వచ్చేశాను. తప్పుగా అనుమానపడడం ఒక పొరపాటు, దాన్ని ఎవరైనా చేస్తారు. తెలిసిన తర్వాత నోరు మూసుకోవడం పొరపాటు కాదు. దానికి నేను వేరే పేరు వెతకను, అది పిరికితనం.

మరో రెండు రోజులకు షీటు గేటుకు ఎక్కింది. ఖాజా ఆసిఫాబాద్ నుంచి బస్సులో వచ్చాడు. క్యాంటీన్ కిటికీలోంచి నేను చూశాను. తన నంబరు దగ్గర వేలు పెట్టి, పక్కకు జరిపి, ఆ నాలుగు దగ్గర ఆపాడు. తర్వాత రెండో చేతి వేళ్లు మడుస్తూ ఏదో లెక్కపెట్టుకున్నాడు. మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టాడు. ఎవరినీ ఏమీ అడగకుండా వెళ్లిపోయాడు.

ఇక ఏది గొప్ప బ్యాచీ?

స్వప్నా, నీ బోర్డుకు జవాబు కావాలంటే కప్పులు టోపీసారువి, కాలనీ ఆట పెద్దసారుది, నేను చెడగొట్టిన ఆ ఒక్క అంకె తప్ప, లెక్కకు నిలబడే సెలక్షన్ కాగితాలసారుది. మూడో బ్యాచీనే పైన రాయి. అందులో పదకొండో నంబరు పిల్లవాడు తర్వాత మంచి కీపరే అయ్యాడు, అతని తప్పు ఏమీ లేదు. కానీ ఆ మూడింటినీ పోల్చే హక్కు నాకు ఎంతుందో నువ్వే చూసుకో. జీఎంలందరి మీదా నాకు అనుమానమే. స్టిక్కు మీద, సర్టిఫికెట్ మీద, నీళ్ల గ్లాసు మీద అనుమానమే. నా పెన్సిల్ మీద మాత్రం ఏనాడూ అనుమానం రాలేదు. నీ పక్కన హాకీ తెలిసిన ఇంకో మనిషి లేకుండా ఎన్నడూ మార్కులు వెయ్యకు. ఫారం ఎంత మంచిదైనా దాన్ని నింపేవాడు ఒక్కడే అయితే ఫలితం ఉండదు.

ఖాజా మా ఇంటికి వచ్చినప్పుడు

స్వప్న ఫోన్ చేసిన పది రోజులకే ఖాజా కరీంనగర్‌లో మా ఇంటి తలుపు కొట్టాడు. జుట్టు నెరిసింది గాని భుజాలు కీపర్ భుజాలే. చూడగానే గుర్తుపట్టాను. లెక్క అడగడానికి వచ్చాడనుకున్నాను. బోర్డు సంగతి విని వచ్చాడా? స్వప్నే పంపిందా? కూర్చున్నాక తన ఫోన్ తీసి టీపాయి మీద బోర్లా పెట్టాడు. రికార్డు చేస్తున్నాడని గట్టిగా అనుకున్నాను. చాయ ఇచ్చి, వానల గురించి, పత్తి రేటు గురించి మాట్లాడుతూ కాలం గడిపాను.

అతను చెప్పింది ఇది. ఆరేండ్లుగా జైనూర్ దగ్గర ఒక హాస్టల్‌లో ఆడపిల్లలకు సాయంత్రాలు హాకీ నేర్పుతున్నాడు. జీతం లేదు, పగలు నాన్న దుకాణమే. ఇప్పుడు అక్కడే కాంట్రాక్టు కోచ్ పోస్టు పడింది. సోమవారం ఇంటర్వ్యూ. పెద్ద స్థాయిలో ఆడినట్టు ఒక కాగితం అడుగుతున్నారు. అతను ఏ టీముకూ ఆడలేదు. కాగితం లేకపోతే ఆ పోస్టుకు ఇంకెవరో వస్తారు, అతను ఆ పిల్లల దగ్గరికి పోవడం ఆగిపోతుంది. మా ట్రయల్స్‌లో ఆఖరిదాకా నిలబడ్డాడని నేను రాసిస్తే పనికొస్తుందని ఎవరో చెప్పారట.

"జర రాసియ్యుండ్రి సార్. ఉన్నదే రాయుండ్రి, ఎక్కువేం వద్దు" అన్నాడు.

ఉన్నదే రాయమన్నాడు కదా. లోపలి గదిలోకి పోయి కూర్చున్నాను. ఒక పేజీ నిండా రాశాను. గ్లాసు చూసి సిఫారసు అనుకున్నానని, అంకె తక్కువ చెప్పానని, తెలిసి కూడా దాచానని, నా వల్లే అతనికి నౌకరీ రాకుండా పోయిందని, దానికి నాదే బాధ్యత అని రాసి సంతకం పెట్టాను. ఇన్నేండ్లకు బరువు దిగిందనిపించింది. కండ్లలో నీళ్లు కూడా వచ్చాయి, సిగ్గుపడకుండా చెప్తున్నాను.

ఖాజా నిదానంగా చదివాడు. కోపం రాలేదు. ఆశ్చర్యపోయినట్టు కూడా లేదు. కాగితాన్ని తిప్పి వెనక ఏమైనా ఉందేమో చూసి, టీపాయి మీద నా వైపు జరిపాడు.

"గిది నా సర్టిఫికెట్ గాదు సార్. గిది మీది."

కాగితం చేతిలోకి తీసుకున్నాను. అతనే మళ్లీ అన్నాడు.

"పేజంతా మీ ముచ్చటనే ఉన్నది. నేనెన్ని ఆపిన్నో ఏడ రాయలే."

కాగితం మళ్లీ చూసుకున్నాను. నిజమే. అంకె తక్కువ చెప్పానని రాశాను గాని అసలు అంకె ఎక్కడా లేదు. కొత్త కాగితం తీసుకున్నాను. ఫలానా ట్రయల్స్‌లో ఈయన గోల్‌కీపర్‌గా ఆఖరి పరీక్షకు నిలిచాడని, పది పెనాల్టీ స్ట్రోకులకు ఆరు ఆపాడని, నాటి షీటులో పడ్డ అంకె నేను తప్పుగా చెప్పిందని రాయబోతూ, ఆరు కదా అని అడిగాను.

"ఏడు సార్. ఒకటి నా గ్లౌజుకు తాకి స్తంభానికి కొట్టుకొని బయటికి పోయింది. మీరు గది కొట్టినోడు తప్పిండనుకున్నరేమో. తాకింది నాకొక్కనికే ఎరుక."

నేను కూర్చున్న చోటి నుంచి ఆ స్తంభం కనబడేది, అతని చెయ్యి కనబడేది కాదు. సాక్ష్యం లేదు. ఆ స్ట్రోకు కొట్టినవాడు ఎవరో, ఎక్కడున్నాడో తెలియదు. చూసినదాన్ని తప్పుగా రాశాను గాని, కంటితో చూడనిదానికి నా సర్వీసులో ఎన్నడూ సంతకం పెట్టలేదు. ఖాజా మొహంలోకి చూశాను. అతను నా వైపు చూడడం లేదు, పెన్ను మొన వైపు చూస్తున్నాడు.

ఏడు అని రాశాను. ఎవరూ దిద్దకుండా పక్కన అక్షరాల్లో కూడా రాశాను.